పిల్ల చెబితేనే తెలుస్తుంది



అక్టోబరు వస్తే మన జంట నగరాలకు గులాబీ రంగు వస్తుంది. చార్మినార్ మీద గులాబీ దీపాలు వెలుగుతాయి. కేబీఆర్ పార్కు దగ్గర పింక్ రిబ్బన్ నడక జరుగుతుంది. మన సికింద్రాబాద్ కిమ్స్ ఆసుపత్రిలో కేవలం రొమ్ము వ్యాధుల కోసమే 2007లో డాక్టర్ పి. రఘురామ్ ఒక కేంద్రం ప్రారంభించారు. రొమ్ము క్యాన్సర్‌ను జయించిన తన తల్లి, గైనకాలజిస్టు డాక్టర్ ఉషాలక్ష్మి పేరే దానికి పెట్టారు. అదే పేరుతో ఉన్న ఫౌండేషన్ 2012 నుంచి 2016 వరకు రెండు తెలుగు రాష్ట్రాల పల్లెల్లో 35 నుంచి 65 ఏళ్ల పేద మహిళలకు ఉచితంగా రొమ్ము పరీక్షలు చేయించింది. లక్షకు పైగా మహిళలు ఆ పరీక్షలు చేయించుకున్నారు. మన అమ్మల తరం ఈ జబ్బు పేరు పైకి పలకగలుగుతోందంటే ఇలాంటి కృషి వల్లనే.

అయితే ఈ ప్రచారమంతా అమ్మల కోసం, అమ్మమ్మల కోసం. అది సహజమే, జబ్బు ఎక్కువగా వచ్చేది వాళ్లకే. కానీ ఆ పోస్టర్లు మన పిల్లలు కూడా చదువుతున్నారు. ఎనిమిదో తరగతి అమ్మాయికి స్నానం చేస్తుండగా రొమ్ములో గోలీకాయంత గడ్డ చేతికి తగిలిందనుకోండి. ఆమెకు తెలిసింది ఒక్కటే: గడ్డ అంటే క్యాన్సర్. ఆ వయసులో దాదాపు ఎప్పుడూ అది క్యాన్సర్ కాదని ఏ పోస్టరూ ఆమెకు చెప్పలేదు. ఎవరిని అడగాలో కూడా చెప్పలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్లల్లో రొమ్ము క్యాన్సర్ ఎంత అరుదంటే, దాని కోసం ప్రపంచంలో ఎక్కడా మామూలు పిల్లలందరికీ స్క్రీనింగ్ పరీక్షలు చేయరు. చేయాల్సిన అవసరమూ లేదు. అంటే ఎక్కడో ఒక పిల్లకు అది వస్తే కనిపెట్టే దారి ఒక్కటే మిగులుతుంది: ఆ పిల్ల నోరు తెరిచి చెప్పడం. అరుదైన జబ్బు కాబట్టి మాట్లాడనక్కర్లేదని మనం అనుకుంటాం. నేను అనేది దానికి తలకిందులు. అరుదు కాబట్టే పిల్లలకు ఆ మాట నేర్పాలి. ఆరో తరగతి నుంచి ఏడాదికి రెండు పీరియడ్లు దీనికి ఇవ్వాలని స్కూలును, అందుకు ఒప్పుకోవాలని మిమ్మల్ని అడగడానికే ఈ నాలుగు మాటలు.

నేను ఇంగ్లిష్ టీచర్‌ని, డాక్టర్‌ని కాను. ఇక్కడ రాసే వైద్య విషయాలు డాక్టర్లలో అందరూ ఒప్పుకునేవి. మీ పాప విషయంలో ఏం చేయాలో మాత్రం మీ పాపను చూసిన డాక్టరే చెప్పాలి.

ముందుగా ధైర్యం చెప్పే సంగతులు

అమ్మాయిల్లో రొమ్ము ఎదుగుదల సాధారణంగా 8 నుంచి 13 ఏళ్ల మధ్య మొదలవుతుంది. మొదట చనుమొన కింద ఒక గుండీలాంటిది చేతికి తగులుతుంది. ముట్టుకుంటే నొప్పి పెడుతుంది. చాలాసార్లు ఒక వైపు ముందు మొదలై, రెండో వైపు కొన్ని నెలల తర్వాత వస్తుంది. మూడో తరగతి, నాలుగో తరగతి అమ్మల్లో చాలామంది "ఒక వైపే గడ్డ వచ్చింది" అని భయపడేది దీనికే. ఇది జబ్బు కాదు, ఎదుగుదల.

పెద్దమనిషి అయిన తర్వాత వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం ఫైబ్రోఅడినోమాలు. రొమ్ములోని గ్రంథి కణజాలం, దాని చుట్టూ ఉండే పీచు కణజాలం కలిసి ఒకచోట ముద్దగా పెరగడమే ఇది. నొప్పి ఉండదు. రబ్బరు బంతిలా గట్టిగా ఉండి, వేలితో నొక్కితే పక్కకు జారిపోతుంది. సాధారణంగా 2, 3 సెంటీమీటర్లు ఉంటుంది. నెలసరికి ముందు కాస్త పెద్దదైనట్టు అనిపించవచ్చు. క్యాన్సర్ కాదు. చాలామందిలో కాలక్రమేణా తగ్గిపోతుంది, లేదా అలాగే ఉండిపోతుంది. నీటి తిత్తులు, చీము గడ్డలు, బంతి తగిలో మెట్ల మీద పడో దెబ్బ తగిలిన చోట గట్టిపడిన కొవ్వు కూడా గడ్డల్లా తగులుతాయి.

గడ్డ ఉందని చెబితే డాక్టరు ముందుగా చేతితో పరీక్షించి, అవసరమైతే అల్ట్రాసౌండ్ రాస్తారు. అందులో రేడియేషన్ ఉండదు, నొప్పి ఉండదు. మామోగ్రామ్ పిల్లలకు సరైన పరీక్ష కాదు. వాళ్ల రొమ్ము కణజాలం దట్టంగా ఉంటుంది కాబట్టి అందులో ఏమీ సరిగా కనిపించదు, పైగా అనవసరమైన రేడియేషన్. పదిహేనేళ్ల పాపకు ఎవరైనా మొదటే మామోగ్రామ్ చేయించమంటే ఎందుకని అడగండి. అడిగే హక్కు మీకుంది.

అరుదైనవి ఏవి?

ఇంత ధైర్యం చెప్పాక రెండో వైపు కూడా చెప్పకపోతే అది సగం నిజమే అవుతుంది. పిల్లల్లో రొమ్ము గడ్డలు నూటికి తొంభై తొమ్మిదికి పైగా క్యాన్సర్ కానివే. మిగిలిన ఆ కొద్దిపాటిలో ఏముంటాయో పెద్దలుగా మనకు తెలిసి ఉండాలి.

ఒకటి ఫిలోడిస్ కణితి. జర్మన్ వైద్య శాస్త్రవేత్త యోహానెస్ ముల్లర్ 1838లో దీనికి పేరు పెట్టారు. కోసి చూస్తే లోపల ఆకుల్లాంటి మడతలు కనిపిస్తాయి కాబట్టి గ్రీకు భాషలోని ఆకు అనే మాట నుంచి ఆ పేరు వచ్చింది. చేతికి ఫైబ్రోఅడినోమాలాగే తగులుతుంది, కానీ త్వరగా పెరుగుతుంది. యుక్తవయసు పిల్లల్లో ఇది చాలావరకు ప్రాణాపాయం లేనిదే. కొద్దిమందిలో మాత్రం క్యాన్సర్ స్వభావం ఉంటుంది. చుట్టూ కాస్త మంచి కణజాలంతో కలిపి పూర్తిగా తీసేయాలి. కొంచెం మిగిలిపోయినా మళ్లీ రావచ్చు.

రెండోది సెక్రటరీ కార్సినోమా. 1966లో మెక్‌డివిట్, స్టీవర్ట్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు ఏడుగురు పిల్లల్లో కనిపించిన ఒక ప్రత్యేకమైన రొమ్ము క్యాన్సర్ గురించి రాశారు. పిల్లల క్యాన్సర్ అనే పేరుతో అది వైద్య పుస్తకాల్లోకి ఎక్కింది. పెద్దవాళ్లకూ వస్తుందని తర్వాత తెలిసింది కాబట్టి పేరు మారింది. ఇది నెమ్మదిగా పెరుగుతుంది. వేళకు ఆపరేషన్ చేస్తే చాలా మంది పిల్లలు బాగుపడతారు. దీనికి కారణమేమిటో 2002లో బయటపడింది. 12వ క్రోమోజోమ్ మీది ఒక జన్యువు ముక్క, 15వ క్రోమోజోమ్ మీది మరో జన్యువు ముక్క తెగి పొరపాటున ఒకదానికొకటి అతుక్కుంటాయి. అలా పుట్టిన కొత్త జన్యువు కణాన్ని ఆగకుండా పెరగమని తొందరపెడుతూ ఉంటుంది. ఇలాంటి జన్యు అతుకు ఉన్న కణితుల మీద పనిచేసే లారోట్రెక్టినిబ్ అనే మందుకు 2018 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది.

ఈ జన్యువుల సంగతి ఎందుకు రాశానంటే, పిల్లకు ఏదైనా వస్తే మన ఇళ్లల్లో ముందు వెతికేది కారణం కాదు, తప్పు ఎవరిదని. "బయటి తిండి తినిపించావు", "బిగుతు బట్టలు కొనిచ్చావు", "ఫోన్ పక్కన పెట్టుకుని పడుకుంటుంది" అని తల్లిని అంటారు, లేదా తల్లే తనను తాను అనుకుంటుంది. బిగుతు బ్రా వల్ల క్యాన్సర్ రాదు. దెబ్బ తగిలితే క్యాన్సర్ రాదు. పిల్ల శరీరంలో ఒక కణంలో జరిగిన తెగుడు, అతుకు ఎవరి పెంపకంలోని లోపమూ కాదు.

మూడోది, శరీరంలో మరో చోట పుట్టిన క్యాన్సర్ రొమ్ములోకి పాకడం. లుకేమియా, లింఫోమా, కండరాల్లో పుట్టే రాబ్డోమయోసార్కోమా ఇలా రావచ్చు. కాబట్టి ఇంతకుముందు ఏదైనా క్యాన్సర్‌కు చికిత్స తీసుకున్న పిల్లలకు గడ్డ తగిలితే ఆలస్యం చేయకూడదు. చిన్నప్పుడు హాడ్జ్‌కిన్ లింఫోమాలాంటి జబ్బుకు ఛాతీ మీద రేడియేషన్ తీసుకున్న అమ్మాయిలకు పెద్దయ్యాక రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం ఎక్కువ. వాళ్లకు 25 ఏళ్లు వచ్చాక లేదా రేడియేషన్ తీసుకుని 8 ఏళ్లు గడిచాక, రెండింటిలో ఏది తర్వాత వస్తే అప్పటి నుంచి ప్రతి ఏటా పరీక్షలు చేయించమని డాక్టర్లు చెబుతారు. చికిత్స అయిపోయింది కదా అని పాత ఫైలు పారేయకండి. ఆ పాపకు పెళ్లయి వేరే ఊరు వెళ్లినా ఆ ఫైలు వెంట వెళ్లాలి.

అమ్మకో అమ్మమ్మకో రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఇళ్లలో పాప గురించి దిగులు ఎక్కువ. వంశపారంపర్యంగా వచ్చే బీఆర్‌సీఏ జన్యు మార్పు తల్లిలోనో తండ్రిలోనో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం సగం. అయితే దాని వల్ల వచ్చే క్యాన్సర్లు పెద్దవాళ్లయ్యాక వచ్చేవి. అందుకే 18 ఏళ్ల లోపు పిల్లలకు సాధారణంగా ఆ పరీక్ష చేయరు. పెద్దయ్యాక ఆ నిర్ణయం వాళ్లే తీసుకుంటారు.

తొందరపడి కోయించవద్దు, దాచిపెట్టవద్దు

భయం రెండు రకాల పొరపాట్లు చేయిస్తుంది. ఒకటి తొందర. ఎనిమిదేళ్ల పాప చనుమొన కింద తగిలే గుండీని గడ్డ అనుకుని కోసి తీసేస్తే, తీసేసింది గడ్డను కాదు, రేపటి రొమ్మును. ఆ వైపు ఇక ఎప్పటికీ ఎదగకపోవచ్చు. అందుకే చిన్న పిల్లల విషయంలో ఎవరైనా వెంటనే ఆపరేషన్ అంటే, ప్రాణాపాయం కాని పక్షంలో రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి. చిన్న ఫైబ్రోఅడినోమాకు కూడా చాలాసార్లు కొన్ని నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకుంటూ గమనిస్తే సరిపోతుంది. 5 సెంటీమీటర్లు దాటినా, చూస్తుండగానే పెరిగిపోతున్నా అప్పుడు తీసేయమంటారు.

రెండోది దాచడం. "కొవ్వు గడ్డే, అదే పోతుంది." "పెళ్లి కావలసిన పిల్ల, ఆసుపత్రిలో తెలిసినవాళ్లు కనిపిస్తే?" "టెన్త్ పరీక్షలయ్యాక చూద్దాం." ఈ మూడు వాక్యాలూ చదువుకున్న ఇళ్లల్లోనే వినిపిస్తాయి. పెళ్లి గురించి దిగులుపడే తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. మన సమాజం అలా ఉంది. కానీ లెక్క వేసి చూడండి. చిన్న గడ్డకు చిన్న కోత, చిన్న మచ్చ. కొన్నిసార్లు అసలు కోతే ఉండదు. ఏడాది దాచి పెద్దదయ్యాక చూపిస్తే పెద్ద మచ్చ. ఎవరికీ తెలియకూడదనుకున్న సంగతిని అందరికీ తెలిసేలా చేసేది ఆలస్యమే.

వెంటనే చూపించాల్సిన గుర్తులు ఇవి: గడ్డ రాయిలా గట్టిగా ఉండి కదలకపోవడం. వారాల్లోనే పెరిగిపోవడం. మీద చర్మం లోపలికి లాగినట్టు, ఎర్రగా, నారింజ తొక్కలా మారడం. చనుమొన నుంచి రక్తం లాంటి ద్రవం కారడం. చంకలో బిళ్లలు తగలడం. గడ్డతో పాటు తగ్గని జ్వరం, బరువు తగ్గడం. ఇవేవీ లేకపోయినా, రెండు మూడు నెలసరుల తర్వాత కూడా గడ్డ అలాగే ఉంటే ఒకసారి చూపించండి. సూదితో ముక్క తీసి పరీక్షించాలని డాక్టరు చెబితే, సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న మాట నమ్మి మానుకోకండి.

పాప అడిగితే లేడీ డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లండి. పరీక్ష జరిగినంతసేపూ అమ్మ పక్కన ఉండవచ్చు. ముట్టుకునే ముందు డాక్టరు పాపకే చెప్పి, పాప సరేనన్నాకే పరీక్షించాలి. డబ్బు గురించి ఆలోచించేవారికి మన సికింద్రాబాద్‌లో గాంధీ ఆసుపత్రి ఉంది. పిల్లలకు రెడ్ హిల్స్‌లో నీలోఫర్ ఉంది. క్యాన్సర్ అనుమానమే ఉంటే అక్కడికి దగ్గర్లోనే ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

అబ్బాయిల గురించి కూడా

ఈ పేజీని నాన్నలు దాటేసి ఉంటే దయచేసి ఇక్కడ ఆగండి. యుక్తవయసులో దాదాపు సగం మంది అబ్బాయిలకు కొంతకాలం రొమ్ము ఎదుగుతుంది, చనుమొన కింద గడ్డలా తగులుతుంది. హార్మోన్లు కుదురుకునే దాకా ఉండి, చాలామందిలో రెండేళ్ల లోపు తగ్గిపోతుంది. దీన్ని గైనకోమాస్టియా అంటారు. జబ్బు కాదు, కానీ క్లాసులో అది పెద్ద శిక్ష. ఎండాకాలంలో కూడా స్వెటర్ వేసుకుని కూర్చునే అబ్బాయిలను, స్విమ్మింగ్ ఉన్న రోజున మానేసే అబ్బాయిలను నేను చూశాను. వాళ్లకు పెట్టే పేర్లు ఇక్కడ రాయలేను. ఇంట్లో నాన్నో మావయ్యో "నాకూ ఉండేదిరా, పోయింది" అని ఒక్క మాట అంటే ఆ అబ్బాయి రెండేళ్లు కుంగిపోకుండా గడుపుతాడు. అబ్బాయిల్లో కూడా గడ్డ గట్టిగా, ఒక పక్కకు ఉండి పెరుగుతుంటే డాక్టరుకు చూపించాల్సిందే.

మాట లేని పిల్లలు

ఇప్పుడు నా సబ్జెక్టుకు వస్తాను. నా పని భాష నేర్పడం. మన పిల్లలు ఇంగ్లిష్‌లో కిడ్నీ ఎలా పనిచేస్తుందో పేజీ రాస్తారు. శరీరంలో ఈ ఒక్క భాగం దగ్గర మాత్రం వాళ్లకు రెండు భాషల్లోనూ మాట లేదు. రొమ్ము అనే తెలుగు మాట వాళ్లు విన్నది ఎక్కువగా తిట్లలోనూ, వెకిలి నవ్వుల్లోనూ. ఇంగ్లిష్ మాట చదువుతుంటే క్లాసంతా నవ్వుతుంది. కాబట్టి వాళ్లు "చెస్ట్ పెయిన్" అంటారు. అది విన్న పెద్దవాళ్లు గ్యాస్ అనుకుంటారు, గుండె అనుకుంటారు, పరీక్షల టెన్షన్ అనుకుంటారు. ఇంకా సిగ్గుపడే పిల్లలు దాన్ని కూడా మార్చి "కడుపునొప్పి" అంటారు. ఏ స్కూల్లోనైనా సిక్ రూమ్ రిజిస్టర్ తీసి చూడండి, సగం పేజీ కడుపునొప్పే ఉంటుంది. వాటిలో ఎన్ని నిజంగా కడుపువో ఆ పిల్లలకే తెలుసు.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఏ తరగతో, ఏ ఏడాదో చెప్పను. బాగా ఆడే పిల్ల పీటీ పీరియడ్‌కు వెళ్లడం మానేసింది. నడుస్తుంటే పుస్తకాలు ఛాతీకి హత్తుకుని నడిచేది. మార్కులు తగ్గాయి. చివరికి విషయం చెప్పింది నాతో కాదు, వాళ్ల అమ్మతోనూ కాదు, బస్సులో వచ్చే ఆయమ్మతో. ఆయమ్మ చెప్పాక తల్లి అదే వారం ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఫైబ్రోఅడినోమా. మందు కూడా రాయలేదు, ఆరు నెలలకు మళ్లీ రమ్మన్నారు. పది నిమిషాల స్కాన్‌తో తేలిపోయిన దానికి ఆ పిల్ల నాలుగు నెలలు తను చచ్చిపోతానని అనుకుంటూ యూనిట్ టెస్టులు రాసింది.

ఇందులో ప్రమాదం ఏమీ జరగలేదు కదా అని మీరు అనవచ్చు. అదే గడ్డ ఫిలోడిస్ అయి ఉంటే ఆ నాలుగు నెలల్లో ఎంత పెరిగేదో ఆలోచించండి. గడ్డ మంచిదో చెడ్డదో పిల్లకు తెలియదు, మనకూ తెలియదు. తెలుసుకునే దారి పిల్ల చెప్పిన తర్వాతే మొదలవుతుంది. ఇంకో సంగతి. శరీరంలో ప్రతి భాగానికీ మర్యాదైన పేరు తెలిసిన పిల్ల, తనను ఎవరైనా తప్పుగా ముట్టుకున్నా చెప్పగలదు. ఒక్క మాట రెండు రకాలుగా కాపాడుతుంది.

వినిపించే అభ్యంతరాలు

"ఇవన్నీ చెబితే పిల్లలు భయపడతారు." పిల్లలు ఇప్పటికే భయపడుతున్నారు, ఒంటరిగా, రాత్రి ఫోన్‌లో వెతుక్కుంటూ. మనం చెప్పబోయేది ఆ భయాన్ని తగ్గించే మాట: "ఈ వయసులో గడ్డ దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు, కానీ అమ్మకు చెప్పు." నెలనెలా అద్దం ముందు నిలబడి గడ్డల కోసం వెతకమని నేను చెప్పడం లేదు. ఆ వయసు పిల్లలకు అది నేర్పడం వల్ల మేలు కంటే ఆందోళనే ఎక్కువ. తన శరీరం మామూలుగా ఎలా ఉంటుందో తెలిసి, మార్పు వస్తే చెప్పగలిగితే చాలు.

"ఆరో తరగతికే ఎందుకు?" ఎందుకంటే శరీరం సిలబస్ కోసం ఆగదు. ఆరో తరగతికి వచ్చేసరికి మన అమ్మాయిల్లో చాలామందికి ఎదుగుదల మొదలై ఉంటుంది. పదో తరగతి బయాలజీ పాఠం దాకా ఆగితే అప్పటికే నాలుగేళ్లు ఆలస్యం.

"ఇది ఇంట్లో చెప్పాల్సిన విషయం, స్కూలుకెందుకు?" ఇంట్లోనే చెప్పాలి, ఒప్పుకుంటాను. కానీ ఉదయం ఏడున్నరకు బస్సెక్కి, స్టడీ అవర్స్ ముగించుకుని సాయంత్రం ఇంటికి చేరే పిల్లలు మెలకువగా ఉన్న సమయంలో ఎక్కువ భాగం మా దగ్గరే ఉంటున్నారు.

"ఫీజు కట్టేది మార్కుల కోసం." ఇంత మొహమాటం లేకుండా ఎవరూ అనరు, కానీ ఫౌండేషన్ క్లాసులో ఒక గంట తగ్గితే వచ్చే ఫోన్లు ఆ మాటే చెబుతాయి. ఒక పోలిక చెబుతాను. 2013లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ పథకం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు వెళ్లి 18 ఏళ్ల లోపు పిల్లలను పరీక్షించాలి. మరుసటి ఏడాది, 2014లో, 10 నుంచి 19 ఏళ్ల పిల్లల ఆరోగ్యం కోసం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. స్కూలుకు వచ్చే ఆ బృందాలు మన గేటు లోపలికి రావు, ఎందుకంటే మనం ప్రైవేటు. బస్సుకు, బుక్స్‌కు, ఏసీ క్లాసుకు ఫీజు కడుతున్న మన పిల్లలకు, ఫీజు లేని బడి పిల్లలకు కాగితం మీదైనా ఉన్న ఈ ఏర్పాటు లేదు. మనకు ఉన్నవి ఏడాదికోసారి కంటి క్యాంపు, పంటి క్యాంపు. కన్నూ పన్నూ సిగ్గుపడని భాగాలు కాబట్టి వాటికి క్యాంపులు పెట్టడం సులువు.

నేను అడిగేది ఇంతే

స్కూలును: ఆరు నుంచి పది తరగతుల వరకు ఏడాదికి రెండు పీరియడ్లు. అమ్మాయిలకు లేడీ డాక్టర్‌తో, అబ్బాయిలకు మగ డాక్టర్‌తో, విడివిడిగా. ఎవరినీ ముట్టుకుని పరీక్షించడం ఉండదు, మాటలు మాత్రమే. పేరు రాయకుండా ప్రశ్న వేసే పెట్టె ఒకటి. ప్రతి బ్రాంచిలో పిల్లలు వెళ్లి చెప్పుకోవడానికి పేరు తెలిసిన ఒక టీచరమ్మ. ఆయమ్మలకు, బస్సు సిబ్బందికి ఒక పూట శిక్షణ, ఎందుకంటే పిల్లలు నిజాలు చెప్పేది చాలాసార్లు వాళ్లకే. డాక్టరు వచ్చేది ఆసుపత్రి ప్రచారం కోసం కాకూడదు. కరపత్రాలు, డిస్కౌంట్ కూపన్లు లోపలికి రాకూడదు.

అమ్మలను: ఈ ఆదివారం తల దువ్వేటప్పుడో, బట్టలు మడతపెట్టేటప్పుడో ఒక్క మాట చెప్పండి. "ఛాతీలో గడ్డగా, నొప్పిగా ఏమైనా అనిపిస్తే నాకు చెప్పమ్మా. కోప్పడను. అది మామూలే అయి ఉంటుంది, అయినా ఇద్దరం కలిసి చూపించుకుందాం." ఈ మూడింటిలో పిల్లలు ఎక్కువగా గుర్తుపెట్టుకునేది "కోప్పడను" అన్న మాట. చెప్పాక నిజంగా కోప్పడకండి. "ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదు" అని అడిగితే రెండోసారి చెప్పదు. "చెప్పి మంచి పని చేశావు" అనండి.

నాన్నలను: పాప ఈ విషయం అమ్మకు చెప్పిందని తెలిస్తే ఆసుపత్రికి మీరూ వెళ్లండి. లోపలికి రానక్కర్లేదు, బయట కుర్చీలో కూర్చోండి. ఇది ఆడవాళ్లు గుసగుసలాడుకునే విషయం కాదు, మన ఇంటి విషయమని పాపకు అర్థమవుతుంది. అమ్మ లేని ఇళ్లల్లో ఆ మొదటి మాట మీరే చెప్పాలి, లేదా పిన్నితోనో మేనత్తతోనో చెప్పించాలి.

చదివి ఒప్పుకున్న తల్లిదండ్రులు వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల షీట్ మీద సంతకం పెట్టాక ఒక్క నిమిషం ఆగి, "హెల్త్ పీరియడ్ పెట్టండి, మాకు అభ్యంతరం లేదు" అని క్లాస్ టీచర్‌తో అనండి. టీచర్లు అడిగితే అది ఒక ఆలోచన మాత్రమే. తల్లిదండ్రులు అడిగితే టైమ్ టేబుల్ మారుతుంది.